పూలపొద ఇంటిపేరు

అమెరికా వచ్చిన కొత్తలో తెలుగువాళ్ళ పార్టీలకి వెళ్తే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మీరు ఏ కంపెనీ అండీ?" కౌంటీలో చేస్తానని చెబితే, అదేదో కొత్త స్టార్టప్ కాబోలని కాసేపు మర్యాదగా చూసేవాళ్ళు. "చెట్ల మీద పురుగులు చూస్తానండీ" అనగానే ఆ మర్యాద కాస్తా లేచి పకోడీల పళ్ళెం వైపు వెళ్ళిపోయేది. కంప్యూటర్‌లో బగ్స్ పట్టేవాళ్ళకి ఆ ఇళ్ళల్లో సోఫా. నిజం బగ్స్ పట్టే నాకు డిష్‌వాషర్ పక్కన స్టూలు.

పోనీలెండి. స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి వంటిల్లు బాగా కనిపిస్తుంది. అది తర్వాత పనికొచ్చింది.

ఇప్పుడు రిటైరయ్యాను. మీ తరం పిల్లల్లో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు "ఆంటీ, మీ జాబ్‌లో ఇంటరెస్టింగ్‌గా ఏమైనా జరిగిందా?" అని అడుగుతారని చాలా ఏళ్ళు ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అందుకని నేనే చెప్పేస్తున్నాను.

నా పని గురించి కావలసినంతే చెప్తాను, మీ ఓపిక సంగతి నాకు తెలుసు. నిమ్మ, నారింజ చెట్లకి ఒక జబ్బుంది. ఆకు పసుపెక్కుతుంది, కాయ పండకుండా చేదెక్కుతుంది, కొన్నేళ్ళలో చెట్టే పోతుంది. మందు లేదు. ఆ జబ్బుని చెట్టు నుంచి చెట్టుకి మోసేది నువ్వుగింజంత పురుగు. దానికి నిమ్మజాతి అంతా ఇష్టమే. నిమ్మజాతికి చుట్టమైన మన కరివేపాకు ఇంకా ఇష్టం. ఆ మాటకొస్తే అది మన మనిషే అనాలి. పెరట్లో కరివేపాకు పెంచుకోవడం నేరం కాదు. పురుగున్న ఊళ్ళ నుంచి మొక్కనో రెమ్మనో మోసుకురావడం నేరం. ఈ రెంటికీ తేడా మనవాళ్ళకి చెప్పడంలోనే నా సర్వీసు సగం గడిచిపోయింది.

బే ఏరియాలో ఒక వీధి. ఇళ్ళన్నీ ఒకటే రంగు, ఒకటే గారేజీ తలుపు. పొద్దున్నే కార్లన్నీ శాంటా క్లారా వైపు పోతాయి, సాయంత్రం అన్నీ అలిసిపోయి తిరిగొస్తాయి. ఇళ్ళల్లో సగానికి పైగా తెలుగువాళ్ళే. ఆ వీధి చివర ఒక అమెరికన్ పెద్దావిడ నిమ్మచెట్టుకి మేము పసుపు రంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీశాం. పురుగు ఏదైనా ఎగురుతూ వస్తే దానికి అంటుకుంటుంది. ఏళ్ళ తరబడి దానికి దోమలూ, ఈగలూ, ఒకసారి ఎవరిదో పుట్టినరోజు బెలూనూ అంటుకున్నాయి. ఒక వేసవి చివర్లో మాత్రం అసలు పురుగే అంటుకుంది. ఒక్కటి.

ఒక్కటి దొరికిందంటే దగ్గర్లో ఎక్కడో దాని సంసారం ఉందన్నమాట. ఆ సంసారం ఎక్కడుందో కనుక్కోవాలి. మా పై అధికారి మంచి మనిషి. ఇండియా అంటే ఆయన దృష్టిలో ఒకే వీధి, మేమందరం ఆ వీధిలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళం. "వాళ్ళందరూ నీకు తెలిసే ఉంటారు. కరివేపాకు చెట్లు ఎవరింట్లో ఉన్నాయో అడుగు, నీకైతే చెప్తారు" అన్నాడు. ఆ నమ్మకం చూసి నాకు జాలేసింది. తెలుగువాడు తన జీతమూ, వీసా సంగతీ, కరివేపాకు చెట్టూ సాటి తెలుగువాడికి అస్సలు చెప్పడని ఆయనకి ఎవరు చెప్పాలి?

నాతోపాటు ట్రక్కు నడిపే సహోద్యోగి ఒకతనుండేవాడు. తల్లిదండ్రులు మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు. చెట్టెక్కడంలో, కుక్కల్ని మచ్చిక చేసుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. మేమిద్దరం తలుపులు కొట్టడం మొదలుపెట్టాం.

మొదటి ఇంట్లో ఇల్లాలు నా బ్యాడ్జి చూసి హడలిపోయి, మొహం చూసి తేరుకుంది. "అయ్యో మనవాళ్ళే! రండి ఆంటీ, రండి." కూర్చోబెట్టి ఉప్మా పెట్టింది. కరివేపాకు చెట్టుందా అమ్మా అని అడిగాను. "లేదు ఆంటీ. ఈ క్లైమేట్‌లో ఎక్కడ బతుకుతుంది చెప్పండి" అంది. నా ప్లేటులో ఉప్మా కంటే కరివేపాకే ఎక్కువ కనిపిస్తోంది. ఆకు ఒక్కటి కూడా వాడిపోలేదు. కోసి పావుగంట అయ్యుంటుందంతే.

రెండో ఇంట్లో ఇడ్లీ, చట్నీ. తాలింపులో తళతళలాడే కరివేపాకు. "లేదండీ. ఇండియన్ స్టోర్‌లో కొంటాం." మూడో ఇంటి కుర్రాడు గుమ్మంలోనే చేతులు జోడించాడు. "లేదు మేడమ్, నిజంగా లేదు. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది మేడమ్, ప్లీజ్." చెట్టుకీ గ్రీన్ కార్డుకీ ఏం సంబంధం లేదు బాబూ అంటే, ఇంకా అనుమానంగా చూశాడు. అతని వెనక కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. అక్కడ ఏదో నిలువెత్తు మొక్కకి హడావుడిగా దుప్పటి కప్పేసి ఉంది. ఎండాకాలంలో.

ఇంటి యజమాని ఒప్పుకోకుండా పెరట్లో అడుగు పెట్టే అధికారం మాకు లేదు. కోర్టుకెళ్ళి తెచ్చుకోవచ్చు గానీ, కరివేపాకు కోసం తెలుగువాళ్ళ వీధి మీదికి వారెంటు తెచ్చిన తెలుగావిడగా మిగిలిపోవాలని నాకు లేదు. అలా ఆ వీధిలో ఉప్మాలు తింటూ, లేదు లేదు అనిపించుకుంటూ తిరిగాం. కొన్ని రోజులయ్యాక ఒక గుమ్మం ముందు ట్రక్కు ఆపి మావాడు సీరియస్‌గా అడిగాడు. "ఈ ఇంట్లో కూడా లేదు ఉంటుందంటావా?"

నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమై, డాష్‌బోర్డు పట్టుకుని నవ్వాను. ప్రతి ఇంట్లోనూ నేను చెట్టు గురించి అడగడం, వాళ్ళు "లేదు" అనడం, ఆ మాట అన్నప్పుడల్లా వాళ్ళ కళ్ళు పెరటి వైపు పోవడం అతను జాగ్రత్తగా గమనించాడు. కరివేపాకుని తెలుగులో లేదు అంటారని తేల్చుకున్నాడు. ఆ వీధిలో అంతకంటే సరైన పరిశోధన ఎవరూ చెయ్యలేదు. నేను సరిదిద్దలేదు.

ఒక్క ఇంట్లో మాత్రం ఆ మాట వినపడలేదు. ఆవిడ కరీంనగర్ వైపు మనిషి. భర్త పోయాక ఇంట్లోనే టిఫిన్లు చేసి వీధికంతా ఇచ్చేది. ఆ పూట దోసెల పిండి చేతులతోనే తలుపు తీసింది. నేను అడగడం పూర్తి కాకముందే చెప్పేసింది.

"కల్యామాకు చెట్టా? ఉంది మేడమ్, లేకేం? రండ్రి చూద్దురు."

కల్యామాకు అంటే వాళ్ళ వైపు కరివేపాకే. పెరట్లో కంచె వారగా ఉంది చెట్టు. నా రెండింతల ఎత్తు. ఈ దేశంలో నేల మీద అంత చెట్టుని నేను ఎక్కడా చూడలేదు. చలికాలం రాగానే దాని చుట్టూ కర్రలు పాతి, పాత బొంతలు కప్పి, లోపల క్రిస్మస్ లైట్లు వెలిగించి పెట్టేదట.

"చానామంది అన్నరు, చెట్టున్నదని చెప్పకుమని. చెట్టును దాచుడేంది మేడమ్, అదేమన్న దొంగతనం చేసిందా?" అంది.

మావాడూ నేనూ భూతద్దాలతో రెమ్మ రెమ్మా వెతికాం. పురుగు లేదు, గుడ్డు లేదు. ఆ పురుగు లేత చిగురు మీదే గుడ్లు పెడుతుంది. ఈవిడ టిఫిన్ల దెబ్బకి ఆ చెట్టు మీద చిగురు నిలిస్తే కదా! తెల్లారేసరికి కోసేస్తుంది. మరి ఈ చెట్టు మీద లేకపోతే పురుగు ఎక్కడి నుంచి వచ్చినట్టు? నేను కంచె పక్కన నిలబడి ఆలోచిస్తుంటే గాలికి ఒక వాసన వచ్చింది. తియ్యగా, గాఢంగా, అచ్చం నారింజ పూత వాసన. ఆ నెలలో నారింజ పూయదు. మావాణ్ణి అడిగితే ఎవరింట్లోనో బట్టల డ్రైయర్ తిరుగుతోందన్నాడు. నిజమే అనుకున్నాను. ఈ దేశంలో పూల వాసనంటే ఎక్కువసార్లు బట్టల వాసనే.

ఆ కంచెకి అవతలి ఇల్లు వీధి సంఘం ప్రెసిడెంటుగారిది. ఈయన గురించి చెప్పాలి. రిటైరయిన ఇంజినీరు. ఎవరింటి చెత్తడబ్బా సాయంత్రం దాకా రోడ్డు మీద ఉందో, ఎవరి గుమ్మానికి మామిడాకులు ఎండిపోయినా తియ్యలేదో అన్నీ ఆయనకి తెలుసు. మేము ఆ చెట్టు చూసొచ్చిన మర్నాడే మా ఆఫీసుకి ఫోన్ చేసి టిఫినావిడ చెట్టు గురించి ఫిర్యాదు చేసింది ఆయనే. ఫిర్యాదు చేసినాయన కాబట్టి ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దన్నాడు మా అధికారి. అయినా నేను వెళ్ళాను. గుమ్మం దాటనివ్వలేదు గానీ చాలాసేపు మాట్లాడారు.

"చూడండి మేడమ్, మనం ఈ కంట్రీకి వచ్చినవాళ్ళం. రూల్స్ ఫాలో అవ్వాలా వద్దా? నా ఇంట్లో ఒక్క కరివేపాకు మొక్క చూపించండి. ఆ పొడి కూడా నేను స్టోర్‌లోనే కొంటాను. ఆవిడ మీద నాకు పర్సనల్‌గా ఏం లేదు. బట్ పొద్దున్న ఆరింటికే పోపు స్మెల్ అండీ! విండో తెరవలేం. ఆ చెట్టు ఉన్నంతకాలం ఆ బిజినెస్ ఉంటుంది. అది కొట్టేస్తే అంతా క్లీన్."

మీ పెరడు ఒకసారి చూస్తానండీ అన్నాను. "నేనే ప్రెసిడెంట్‌ని కదా మేడమ్" అన్నారు. దానికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

ఆ వారాంతం ఆయన తన ఇంట్లోనే వీధివాళ్ళందరినీ సమావేశపరిచారు. టిఫినావిడ తన చెట్టు తీసేయాలని తీర్మానం చేసి మా శాఖకి పంపడం దాని ఉద్దేశం. అఫీషియల్ హోదాలో నన్నూ, మావాణ్ణీ పిలిచారు. జీవితంలో మొదటిసారి ఒక తెలుగింట్లో నాకు సోఫా దొరికింది. ఉప్మాలు పెట్టి లేదన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు, నా కళ్ళలోకి చూడకుండా. ఆవిడ మాత్రం వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతులు కట్టుకుని ఉంది. మనసులో నేను లెక్కవేసుకుంటున్నాను. వీధంతా ఒక్కమాట మీద అడిగితే, మా అధికారి గొడవెందుకని ఆ చెట్టు తీయించేస్తాడు. పురుగు సంసారం నాకింకా దొరకలేదు. ఆవిడ చెట్టు తప్ప చూపించడానికి ఇంకేమీ లేదు.

ప్రెసిడెంటుగారు ఏ పనైనా దేవుడి పేరు చెప్పి మొదలుపెట్టే మనిషి. ముందు చిన్న పూజ చేశారు. మంత్రపుష్పానికి ఇత్తడి పళ్ళెం పట్టుకుని లేచి, అందరి అరచేతుల్లోనూ తలా నాలుగు తెల్లపూలు పెట్టుకుంటూ వచ్చారు. నా చేతిలోనూ పెట్టారు. గుప్పెట మూసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

డ్రైయర్ కాదు.

మంత్రం అయిపోయింది. అందరూ పూలు దేవుడి మీద వేశారు. నేను వెయ్యలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచినా వెయ్యలేదు. చెయ్యి తెరిచి చూశాను. ఐదు రేకులు, వెనక్కి ఒంపు తిరిగినవి. దూరం నుంచి చూస్తే మల్లె అనుకుంటారు. కాడకి రెండు చిన్న ఆకులు అంటుకుని ఉన్నాయి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఒకటి నలిపి వాసన చూస్తే నిమ్మాకు వాసన.

"ఈ పూలు ఎక్కడివండీ?" అన్నాను.

"బ్యూటిఫుల్ కదా మేడమ్!" ఆయన మొహం వెలిగిపోయింది. "మన బ్యాక్‌యార్డ్ హెడ్జ్‌వే. ఆరెంజ్ జాస్మిన్. మల్లెలో ఒక వెరైటీ. ఆ పోపు స్మెల్ తట్టుకోలేకే వేశాను. కంచె పొడుగునా వేశాను. ఇప్పుడు విండో తెరిస్తే స్వర్గం."

నేను లేచి అద్దాల తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్ళాను. ప్రెసిడెంటు అయినా సరే, ఆయన అడ్డు చెప్పలేదు. పూలని మెచ్చుకోవడానికి వెళ్తున్నాననుకున్నారు.

అందమైన పొద. ఆ మాట నేను మనస్ఫూర్తిగా చెప్తాను. ఉష్ణదేశాల మొక్క, ఏ కాలంలోనూ ఆకు రాల్చదు. ఎలా కత్తిరిస్తే అలా వింటుంది, గోడలా పెరగమంటే గోడలా పెరుగుతుంది. నాలుగు రోజులు ఎండబెట్టి నీళ్ళు పోస్తే చాలు, ఉన్నట్టుండి ఒళ్ళంతా తెల్లగా పూసేస్తుంది. ఏడాదికి ఒకసారి పూసి ఊరుకునే రకం కాదు, కుదిరినప్పుడల్లా పూస్తుంది. పూలు రాలాక మిరపపండు రంగులో చిన్న చిన్న కాయలు కాస్తుంది. ఆరెంజ్ జాస్మిన్ అని పేరు పెట్టారు గానీ అది ఆరెంజూ కాదు, జాస్మినూ కాదు. మల్లెతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఆ కంచె పొడుగునా నిండుగా పూసి, తేనెటీగలతో మోగిపోతోంది. ఆ చిగుళ్ళ మీద ఒక్కొక్క రెమ్మకీ పదేసి పురుగులు, తల కిందికి వంచి తోక గాల్లోకి ఎత్తి, వరసగా కూర్చుని ఉన్నాయి. వాటి పిల్లలు పసుపుగా, తెల్లటి మైనం దారాలు వేలాడేసుకుని చిగురుకి అతుక్కుని ఉన్నాయి.

మావాడు వెనకే వచ్చి వంగి చూశాడు. ఉద్యోగ ధర్మం ఉప్పొంగింది. సమావేశమంతటికీ వినపడేట్టు కేకేశాడు. "ఇక్కడ లేదు ఉంది!"

తెలుగు మాట విని అందరూ పెరట్లోకి వచ్చారు. ప్రెసిడెంటుగారి గొంతు పెరిగింది. "ఇది జాస్మిన్ మేడమ్! రూల్ కరివేపాకు మీద కదా. జాస్మిన్ మీద రూల్ ఎక్కడుంది?"

"ఎక్కడి నుంచి తెచ్చారండీ ఇది?"

"ఎక్కడిదో ఎందుకు తెస్తాను? లాస్ ఏంజిలస్ దగ్గర మా బావమరిది ఇంట్లోంచి. గృహప్రవేశానికి వెళ్ళి వస్తూ వాన్‌లో వేసుకొచ్చాం. ఫ్యామిలీ మొక్క."

ఆ వైపంతా ఈ పురుగు ఎన్నో ఏళ్ళుగా కాపురం ఉంటోంది. బావమరిది సారె చక్కగానే పంపించాడు.

మా ఆఫీసు పాంప్లెట్లలో లాటిన్ పేర్లుంటాయి, ఎవరూ చదవరు. ఆ రోజు నాకు ఎందుకు తట్టిందో గానీ, మన పద్ధతిలో చెప్పాను.

"చూడండి, మనలో ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు తర్వాత. ఇక్కడికొచ్చాక మన ఇంటిపేర్లు లాస్ట్ నేమ్ అయిపోయి వెనక్కి పోయాయి. కానీ చెట్లకి మాత్రం ప్రపంచమంతా ఇంకా మన పద్ధతే. ఇంటిపేరే ముందు. కరివేపాకు ఇంటిపేరు ముర్రయా. ఈ పూలపొద ఇంటిపేరు కూడా ముర్రయానే. మీ మల్లె కాదండీ ఇది. కరివేపాకుకి పెదనాన్న కూతురు."

వెనక నుంచి గ్రీన్ కార్డు కుర్రాడు ఫోన్‌లో చూసి "కానీ ఆంటీ, ఇప్పుడు కరివేపాకుకి వేరే పేరు పెట్టారని ఉందే" అన్నాడు. మీ తరం ఇంతే, నిజం కూడా ఫోన్‌లో చూస్తేగానీ నమ్మరు.

"అవును నాయనా. ఈమధ్య పండితులు దాన్ని వేరే ఇంటికి దత్తత ఇచ్చేశారు. పురుగు ఆ దత్తత ఒప్పుకోలేదు" అన్నాను.

అందరికంటే ముందు నవ్వింది టిఫినావిడ. "అట్లనా! సారు, మీ పూల చెట్టు, నా కల్యామాకు చెట్టు అక్కచెల్లెండ్లన్నట్టు. ఇన్ని దినాలు నడుమ కంచె పెట్టుకొని కొట్లాడుకుంటున్నం" అంది. వీధంతా ఘొల్లుమంది. తీర్మానం సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రెసిడెంటుగారి మొహం మాడిపోయింది. ఆ పూట నాకు కలిగిన ఆనందం ప్రభుత్వోద్యోగికి కలగకూడనంత ఆనందం.

కథ ఇక్కడ ఆపేస్తే నేను మంచిదాన్నైపోతాను. కానీ రూలు అక్కడ ఆగదు. పురుగు దొరికిన చోటికి దగ్గర్లో ఉన్న నిమ్మజాతి చెట్లన్నిటికీ మందు కొట్టాలి, పురుగున్నా లేకపోయినా. పొదని ఆ వారంలోనే వేళ్ళతో సహా పెకలించారు. తర్వాత మా కంటికి కనబడిన చెట్లకి మందు. ఆ వీధిలో మా కంటికి కనబడిన కరివేపాకు చెట్టు ఒక్కటే. ఒక్కసారి ఆ మందు వేరుకి పట్టిందంటే ఏడాది దాటేదాకా ఆకు తినడానికి పనికిరాదు.

ఆ మాట చెప్పడానికి వెళ్తే ఆవిడ నమ్మలేదు.

"నా చెట్టు మీద పురుగు లేదంటిరి గద?"

"లేదమ్మా."

"మరి మందెందుకు?"

"కంచె అవతలే పురుగు దొరికింది. రూలు అంతే."

ఆవిడ చెట్టు వైపు తిరిగింది. "వాళ్ళ లెక్క నేను గూడ లేదంటె అయిపోవు గద మేడమ్" అంది.

ట్రక్కులోకి వచ్చి కూర్చుని ఏడ్చాను. రూలు మీద కోపం కాదు, రూలు సరైనదే, మళ్ళీ ఇవ్వాళైనా అదే చేస్తాను. ఉప్మాల మీద కోపం. అంతమంది అబద్ధం చెప్పి చెట్లు కాపాడుకున్నారు. నిజం చెప్పిన ఒక్క మనిషి చెట్టుకి నా సంతకంతో విషం పోయాల్సి వచ్చింది. మావాడు ట్రక్కు స్టార్ట్ చేశాడు.

కొన్నాళ్ళకి మందు పడ్డ చెట్టుని చూసి రావడానికి పొద్దున్నే ఆ వీధికి వెళ్ళాం. ఆవిడ గుమ్మం ముందు సంచులున్నాయి. జిప్‌లాక్ కవర్లు, అట్ట పెట్టెలు, ఒకటి పాత పెరుగు డబ్బా. అన్నిటి నిండా పచ్చటి తాజా కరివేపాకు. ఎవరు పెట్టారో చెప్పుకోలేదు. పెట్టి వెళ్ళిపోయారు.

ఆవిడ తలుపు తీసి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ సంచుల్ని చూసింది. కళ్ళు తుడుచుకుంది, తర్వాత నవ్వొచ్చింది.

"మేడమ్, వీళ్ళెవ్వరికీ చెట్లు లేవని చెప్పిండ్రు గద?"

"చెప్పారమ్మా. ఉప్మా పెట్టి మరీ చెప్పారు."

నా పరిస్థితి ఆలోచించండి. మనుషులు ఆలస్యంగానైనా సిగ్గుపడి, తోటి మనిషికి ఇంత మంచి చేశారు. అదే సమయంలో, పురుగు దొరికిన వీధిలో రెమ్మ గుమ్మం దాటించడం నేరం కూడా. ఆ రెమ్మల్లో ఏదో ఒకదాని మీద పురుగుంటే, వీధంతా తిప్పినట్టే. సంచులు పట్టుకుపోవాలి, ఎవరివో కనుక్కోవాలి. కనుక్కుంటే ఆ మంచితనానికి నేను వేసే శిక్ష మందు. నేను నోరు తెరిచే లోపే ఆవిడకి నా మొహంలో అంతా కనబడినట్టుంది.

"ఇవి వండుకునుడు తప్పు గదా?"

"తప్పే."

ఆవిడ లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది. సంచులు ఒక్కటీ విప్పకుండా చేతులకి తగిలించుకుంది. "పెరుగు డబ్బా ఎవలదో నాకెర్క. గీ అట్టపెట్టె గూడ ఎర్కే, నేను దోసెలు పంపిన పెట్టెనే. నడువుండ్రి, ఎవరియి వాళ్ళకిచ్చొద్దాం."

అలా వెళ్ళాం, ఆవిడ ముందు, నేను వెనక, మందు డబ్బాతో మావాడు చివర. ప్రతి గుమ్మం దగ్గరా ఆవిడ సంచి చేతికిచ్చి, "మీ మనసు పెద్దది. ఆకు మాత్రం నాకొద్దు, పెరటి గేటు తియ్యుండ్రి" అంది. నా బ్యాడ్జికి లేదన్న ఒక్కరు కూడా ఆవిడకి లేదనలేకపోయారు. గ్రీన్ కార్డు కుర్రాడు తనే వెళ్ళి దుప్పటి తీసేశాడు. నాకు మొదటి ఉప్మా పెట్టిన ఇంట్లో చెట్టు చిగురు మీద మావాడు తల వంచుకుని, తోకెత్తుకుని కూర్చున్న పురుగుని చూపించాడు. ఆ ఇల్లాలు నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఇంకో విడత చిగురు వేసేదాకా ఆగి ఉంటే ఆ పురుగులు ఏ వీధి దాకా వెళ్ళేవో నాకు తెలుసు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు, భయపడింది చాలు.

అన్ని చెట్లకీ మందు పోసి, చివరి గేటు మూసి వస్తుంటే ప్రెసిడెంటుగారు తన ఖాళీ కంచె దగ్గర నిలబడి ఉన్నారు. పొద పోయాక పోపు వాసన మళ్ళీ ఆయన కిటికీకే వస్తోంది. ఏమైనా అంటారని చూశాను. "ఈమధ్య పోపులో ఏదో మిస్ అవుతోందండీ" అన్నారు మెల్లిగా.

ఆ ఏడాదంతా ఆ వీధిలో ఎవరి పోపులోనూ కరివేపాకు లేదు. పురుగు భయానికి స్టోర్ ఆకు కూడా ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ టిఫిన్లు మాత్రం ఆగలేదు. పులిహోర, ఉప్మా, సాంబారు అన్నీ బోసిగానే వీధంతా తిరిగాయి. ఆ తర్వాత నేను చాలా పార్టీలకి ఆ వీధికి వెళ్ళాను, డిష్‌వాషర్ పక్క స్టూలు మీదే కూర్చుని చెవులు రిక్కించి విన్నాను. ఇందులో ఏదో తక్కువైందని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. తెలుగువాళ్ళు ఏడాది పాటు వంటకి వంకపెట్టకుండా తిన్నారు. నా సర్వీసులో నేను చూసిన అద్భుతం అదొక్కటే.